రెండో కాన్పు నొప్పి మందు లేకుండా: ముందు నుంచి చివరిదాకా ఏం చేయాలి

రెండో బిడ్డని నొప్పి మందు ఏదీ లేకుండా కనాలనుకుంటున్నవాళ్ల కోసం రాస్తున్నాను. ముఖ్యంగా ఒడిశా సరిహద్దులో పర్లాకిమిడి, కాశీనగర్, గుణుపూర్ వైపు ఉన్న మన తెలుగువాళ్ల కోసం. మహేంద్రతనయ నదికి ఇవతల, ఆంధ్రా వైపు పాతపట్నం, మెళియాపుట్టిలో ఉన్నవాళ్లకీ పనికొస్తుంది. నాకు ఇద్దరు పిల్లలు, రెండో పాప అలాగే పుట్టింది.

నడుములో సూది వేసి నొప్పి తెలియకుండా కాన్పు చేయడం పెద్ద ఊళ్లలో ప్రైవేటు ఆసుపత్రుల మాట. మన సీహెచ్‌సీలో, అంటే దగ్గర్లోని ప్రభుత్వ సామాజిక ఆరోగ్య కేంద్రంలో, అది ఉంటుందని అనుకోకండి. అంటే మనలో చాలామందిమి కోరుకున్నా కోరుకోకపోయినా మందు లేకుండానే కంటాం. ఎవరూ ఏమీ చెప్పకుండా ఒంటరిగా బల్ల మీద పడుకోబెట్టి, అరిస్తే కసురుతుంటే పడే నొప్పి ఒక తీరు. ఏం జరుగుతోందో తెలిసి, పక్కన మన మనిషి ఉండి, లేచి తిరుగుతూ పడే నొప్పి ఇంకో తీరు. రెండోది ఎలా సాధించుకోవాలో చెప్తాను.

ఏది వద్దనొచ్చు, ఏది వద్దనకూడదు

మందు లేకుండా అంటే నొప్పి తగ్గించే మందు లేకుండా, అంతే. ఈ మాట ఇంట్లోవాళ్లకి, నర్సుకి కూడా ఇలాగే చెప్పండి, లేకపోతే అసలు సూదులే వద్దంటోంది అనుకుంటారు. బిడ్డ పుట్టగానే తొడకి వేసే ఆక్సిటోసిన్ సూది, 10 యూనిట్లు, గర్భసంచి ముడుచుకుని రక్తం ఎక్కువ పోకుండా ఉండటానికి. అది వేయించుకోవాలి. బిడ్డకి వేసే విటమిన్ కె సూదీ అంతే. మీ బ్లడ్ గ్రూపు నెగటివ్ అయితే యాంటీ-డి సూది (తల్లి రక్తం బిడ్డ రక్తానికి ఎదురుతిరగకుండా వేసేది) గురించి ఐదో నెలలోనే అడగడం మొదలుపెట్టండి. మొదటి బిడ్డ పాజిటివ్ అయితే ఆ ఇబ్బంది రెండో బిడ్డకే తగులుతుంది. 28 వారాలప్పుడు ఒకటి, పుట్టిన బిడ్డది పాజిటివ్ అయితే 72 గంటల్లోపు ఇంకొకటి వేయాలి. చిన్న ఆసుపత్రిలో అది అప్పటికప్పుడు ఉండకపోవచ్చు, ముందే చెప్పి తెప్పించుకోండి.

గట్టిగా వద్దనాల్సింది ఒకటుంది. ఊళ్లో సూదులు వేసే ఆర్ఎంపీని పిలిచి "నొప్పులు తొందరగా రావడానికి" సూది వేయించడం ఇంకా అక్కడక్కడా ఉంది. బిడ్డ పుట్టక ముందు కండకి వేసే ఆ సూది చాలా ప్రమాదం. నొప్పులు ఆగకుండా వచ్చేసి బిడ్డకి ఊపిరాడదు, ఒకసారి కన్న గర్భసంచి చిరిగిపోయే భయం కూడా ఉంది. ఎవరు చెప్పినా ఒప్పుకోకండి, అత్తగారు చెప్పినా సరే. ఆముదం తాగించడమూ వద్దు. ఆసుపత్రిలో అదే ఆక్సిటోసిన్ మందుని సెలైన్‌లో కలిపి చుక్కలు లెక్కపెట్టి ఎక్కిస్తారు, బిడ్డ గుండె వింటూ ఉంటారు, అది వేరే సంగతి. అయినా దానితో నొప్పులు మామూలు కంటే గట్టిగా వస్తాయి కాబట్టి సీసా తగిలించేటప్పుడు "ఎందుకమ్మా, నొప్పులు సరిగ్గా రావట్లేదా?" అని అడగండి. అవసరం ఉందని చెప్తే పెట్టించుకోండి.

మీకు ఇది సరిపడుతుందా

మొదటిది సిజేరియన్ అయితే ఈ పద్ధతి మీ సీహెచ్‌సీలో కుదరదు. మామూలు కాన్పుకి ప్రయత్నించొచ్చు, కానీ ఆపరేషన్ థియేటర్, రక్తం, రాత్రీపగలూ డాక్టర్ ఉన్నచోట మాత్రమే. మొదటి కాన్పులో రక్తం బాగా పోయినా, మాయ చేత్తో తీయాల్సి వచ్చినా, బీపీ ఉన్నా, కవలలైనా, బిడ్డ అడ్డం తిరిగినా, మాయ కిందికి ఉందని స్కానింగ్‌లో రాసినా పెద్దాసుపత్రే. మన వైపు సికిల్ సెల్ రక్తజబ్బు ఉన్న కుటుంబాలు ఉన్నాయి, మలేరియా కూడా మామూలే. రెండు పరీక్షలూ చేయించుకోకుండా నెలలు నిండనివ్వకండి. హిమోగ్లోబిన్ 11 ఉండాలి. 7 కంటే తక్కువుంటే మందు లేకుండా కనడం గురించి ఆలోచన తర్వాత, ముందు రక్తం సంగతి చూడాలి. మొదటి బిడ్డకి పాలు మాన్పించి ఏడాది తిరగకుండానే మళ్లీ కడుపొచ్చినవాళ్లకి రక్తం తక్కువ ఉండటం చాలా ఎక్కువగా చూస్తాం. ఐరన్ మాత్ర రోజూ ఒకటి, 180 రోజులు. మలబద్ధకం అని మానేయకండి, రాత్రి పడుకునే ముందు వేసుకోండి, టీ పక్కన వేసుకోకండి, కాల్షియం మాత్రతో కలపకండి. చోడి అంబలి, మునగాకు, తోటకూర ఎలాగూ మన వంటే.

ఎక్కడ కనాలో ఎనిమిదో నెలకల్లా తేల్చేయండి

తొలి కాన్పు పుట్టింట్లో, రెండోది అత్తారింట్లో అన్నది మన ఆచారం. సరిహద్దులో దీనివల్ల ఒక చిక్కుంది. మొదటి బిడ్డ కాగితాలు ఆంధ్రాలో, ఇప్పటి గర్భిణి చెకప్ కార్డు ఒడిశాలో, రాసింది ఒడియాలో. రెండు కార్డులూ, మొదటి కాన్పు డిశ్చార్జి చీటీ ఒకే సంచిలో పెట్టండి. ప్రభుత్వాసుపత్రిలో కాన్పు, మందులు, భోజనం, రానుపోను వాహనం ఉచితమన్నది 2011 నుంచి దేశమంతా ఉన్నదే, పక్క రాష్ట్రం మనిషివని వెనక్కి పంపే పని లేదు.

ఎక్కడికి వెళ్లాలన్నది దారిని బట్టి, టైముని బట్టి నిర్ణయించుకోండి, పేరుని బట్టి కాదు. మామూలు కాన్పుకి పర్లాకిమిడి జిల్లా ఆసుపత్రో, పాతపట్నమో, గుణుపూరో ఏది దగ్గరైతే అది. అక్కడి నుంచి రిఫర్ చేస్తే ఎక్కడికి పంపుతారో కూడా ముందే అడగండి. బరంపురం ఎంకేసీజీ మెడికల్ కాలేజీ ఆసుపత్రికి పంపుతారా, శ్రీకాకుళమా? పర్లాకిమిడి మహారాజు పేరు పెట్టుకున్న ఆసుపత్రే అయినా బరంపురం మనకి చాలా దూరం, కొండదారి, రాత్రిపూట ఇంకా కష్టం. గుమ్మ, నువగడ, మోహన కొండల్లో ఉన్నవాళ్లు రోజులు దగ్గరపడ్డాక ఊళ్లో ఉండకండి. ఒడిశాలో ఇలాంటివాళ్ల కోసం "మా గృహ" అని గర్భిణులు ముందే వచ్చి ఉండే ఇళ్లు పెట్టారు, డేటుకి వారం పది రోజుల ముందే వెళ్లి ఉండొచ్చు, ఆశా దీదీని అడిగితే చెప్తుంది. వంశధార పొంగే రోజుల్లో, అక్టోబరు తుఫాన్లలో డేటు ఉంటే మరీ ముందుగా దిగిపోండి. 2018 అక్టోబరులో తిత్లీ వచ్చినప్పుడు గజపతి జిల్లాలో దారులన్నీ ఎలా తెగిపోయాయో ఇక్కడ మర్చిపోయినవాళ్లు లేరు.

తోడు ఎవరు

నొప్పి మందు లేనప్పుడు మనకున్న అతి పెద్ద మందు పక్కన ఉండే మనిషి. నేను మొహమాటం లేకుండా చెప్తాను, ఆ మనిషి మీ అమ్మే అవ్వాలని లేదు. అమ్మ కూతురి బాధ చూసి తనే ఏడుస్తుంది చాలాసార్లు. కాన్పులు చూసిన వదిన, పిన్ని, అప్ప, ఎవరైనా సరే, గట్టి మనిషి కావాలి. ప్రభుత్వాసుపత్రి లేబర్ రూంలో ఒక ఆడతోడు ఉండొచ్చని కేంద్రం 2016లోనే చెప్పింది. నర్సు బయటే ఆపేస్తే ఆ మాట మర్యాదగా గుర్తు చేయండి. ఒడియా బాగా వచ్చిన మనిషైతే ఇంకా మంచిది. పర్లాకిమిడిలో చాలామంది స్టాఫ్‌కి తెలుగు వస్తుంది, కానీ కటక్ వైపు నుంచి వచ్చిన సిస్టర్ డ్యూటీలో ఉంటే నొప్పుల్లో మీరు ఒడియా వెతుక్కోలేరు.

ఆ తోడుతో ముందే కూర్చుని నేర్చుకోండి. మీరు గోడకో కిటికీకో ఆనుకుని ముందుకు వంగితే తను అరచేతి మడమతో నడుము కింది ఎముక మీద గట్టిగా, కదపకుండా నొక్కి పట్టాలి. రుద్దడం కాదు, నొక్కడం. ఎంత గట్టిగా నొక్కితే మీకు హాయిగా ఉందో ఇప్పుడే చూసుకోండి. తర్వాత ఊపిరి: ముక్కుతో మామూలుగా పీల్చి నోటితో నెమ్మదిగా, పీల్చిన దానికంటే ఎక్కువసేపు వదలడం. రోజూ పడుకునే ముందు కాసేపు చేస్తే చాలు, నొప్పి వచ్చినప్పుడు ఒళ్లు దానంతటదే ఆ దారి పడుతుంది. నడక మానకండి. కింద కూర్చుని చేసే పనులు, డాక్టర్ వద్దనకపోతే, చేసుకోవచ్చు.

పెద్ద బిడ్డని ఎవరి దగ్గర ఉంచుతారో, రాత్రి రెండింటికి పిలిస్తే ఎవరొస్తారో ఇద్దరి పేర్లు అనుకోండి. పెద్దది ఏడుస్తోందని బయల్దేరడం ఆలస్యం చేసిన తల్లులు చాలామంది ఉన్నారు.

ఎప్పుడు బయల్దేరాలి

అన్నిటికంటే ముఖ్యమైంది ఇదే. మొదటిసారి గంటలు గంటలు పట్టింది కదా, ఇప్పుడూ టైముంది అనుకోవద్దు. రెండోసారి గర్భసంచి మూతి మెత్తబడటం, తెరుచుకోవడం రెండూ కలిసి జరుగుతాయి, అందుకే ఐదు సెంటీమీటర్ల దాకా నిదానంగా నడిచి అక్కణ్నుంచి గంటా రెండు గంటల్లో అయిపోవచ్చు. "తల ఇంకా దిగలేదు" అని చివరి చెకప్‌లో అంటే ఇంకా చాలా రోజులుందని అర్థం చేసుకోకండి. రెండో బిడ్డ తల నొప్పులు మొదలయ్యాకే దిగడం మామూలు.

దొంగ నొప్పులు కూడా ఈసారి ముందు నుంచే వస్తాయి, కొందరికి వారాల ముందే. అనుమానం వస్తే మూత్రానికి వెళ్లి, రెండు గ్లాసుల నీళ్లు తాగి, ఎడమవైపు తిరిగి పడుకోండి. తగ్గిపోతే దొంగవి. నడుము నుంచి ముందుకి చుట్టుకొస్తూ, ఒకదాని కంటే ఒకటి గట్టిగా, దగ్గరగా వస్తుంటే నిజమైనవి. తొలి కాన్పుకి ఐదు నిమిషాలకోసారి వచ్చేదాకా ఇంట్లో ఉండొచ్చంటారు. మీరు పది నిమిషాలకోసారి క్రమంగా వస్తున్నాయని తేలగానే లేవండి. ఆసుపత్రి గంట దూరమైతే అంతకూడా చూడకండి. మొదటి కాన్పే మూడు నాలుగు గంటల్లో అయిపోయిందంటే ముందే ఆసుపత్రి పక్కన చుట్టాలింట్లో ఉండటం మంచిది.

వెంటనే, నొప్పులున్నా లేకపోయినా, వెళ్లాల్సినవి: ఉమ్మనీరు పోవడం, ఆకుపచ్చగా పోతే మరీ తొందరగా, ధారగా రక్తం, బిడ్డ కదలిక తగ్గడం, తలనొప్పితో కళ్లు మసకబారడం, జ్వరం, ఫిట్స్.

108కి ఫోన్ చేసినప్పుడు ముందు రాష్ట్రం పేరు, తర్వాత జిల్లా, బ్లాకో మండలమో, ఊరు, ఈ వరసలో చెప్పండి. సరిహద్దులో ఒకే పేరుతో ఊళ్లున్నాయి, రాయగడ అంటే జిల్లానా, గజపతిలో బ్లాకా అన్నదే తేలక టైం పోతుంది. ఒడిశాలో గర్భిణులకి 102 కూడా ఉంది. వీటితో పాటు ఊళ్లో ఒక ఆటోవాలాతో మాట అనుకుని పెట్టుకోండి.

నొప్పులు పడేటప్పుడు

పడుకోకండి. బిడ్డ గుండె బాగుందని చెప్పాక, నడవండి, నిలబడండి, గోడకి ఆనుకుని నడుము ఊపండి. నిటారుగా ఉన్నవాళ్లకి నొప్పుల సమయం గంటకు పైగా తగ్గుతుందని పరిశోధనల్లో తేలింది. నడుములోనే నొప్పంతా ఉంటే చేతులూ మోకాళ్ల మీద వంగి ఉండండి, చాలా తేడా తెలుస్తుంది. వేడినీళ్లలో ముంచి పిండిన గుడ్డ నడుముకి, పొత్తికడుపుకి.

ఒక్కో నొప్పి దాదాపు నిమిషం. అల లాగే లేస్తుంది, మధ్యలో గట్టిగా ఉంటుంది, దిగిపోతుంది. దాన్ని ఆపాలని బిగుసుకుంటే ఒళ్లంతా అలిసిపోతుంది. నొప్పి మొదలవగానే ఒక పెద్ద ఊపిరి వదిలి భుజాలు దించేయండి, పిడికిలి విప్పండి, దవడ వదులు చేయండి. గొంతు సన్నగా చేసి కేక పెట్టడం కంటే లోగొంతుతో "ఊఁ" అని సాగదీయడం మేలు, అరిచేశారని సిగ్గుపడాల్సిందీ లేదు. నొప్పికీ నొప్పికీ మధ్య ఉన్న విరామమే మీ ఆస్తి. అప్పుడు వచ్చే నొప్పి గురించి ఆలోచించకండి, కళ్లు మూసుకోండి, రెండు గుక్కలు తాగండి. అన్నీ మామూలుగా ఉన్నప్పుడు పచ్చి మంచినీళ్లు కూడా ఇవ్వకూడదన్న నియమం ఏదీ లేదు. గంజి, మజ్జిగ, అరటిపండు, బిస్కట్లు, కొబ్బరినీళ్లు తీసుకోవచ్చు. రెండు గంటలకోసారి మూత్రం పోయండి, నిండిన మూత్రసంచి బిడ్డ దిగడానికి అడ్డం.

ఎనిమా, షేవింగ్ తప్పనిసరి కాదు. బిడ్డ గుండె వినడం తప్పనిసరి. నొప్పులు బాగా వస్తున్నప్పుడు పావుగంటకో అరగంటకో ఒకసారి, ముక్కేటప్పుడు ఐదు నిమిషాలకోసారి వినాలి. ఎవరూ వినకపోతే తోడుని పంపి పిలిపించండి.

చివర్లో ఒక దశ వస్తుంది. వణుకు, వాంతి, ఒళ్లంతా చెమట, "నావల్ల కాదు, కోసి తీసేయండి" అనిపిస్తుంది. తోడుగా ఉన్నవాళ్లు ఇది ముందే తెలిసి ఉండాలి, ఎందుకంటే సాధారణంగా అప్పటికి మూతి పూర్తిగా తెరుచుకోబోతోందని అర్థం. ఒక్కో నొప్పి, ఈ ఒక్కటే, అని చెవిలో చెప్పాలి. అప్పటికీ నిజంగా మందు కావాలనిపిస్తే అడగండి, అది ఓటమి కాదు. ముందు లోపల చూసి ఎంత తెరుచుకుందో చెప్పమనండి. కాన్పుకి మరీ దగ్గరలో కొన్ని రకాల నొప్పి సూదులు వేస్తే బిడ్డ మత్తుగా పుట్టొచ్చు. బిడ్డ గుండె తగ్గుతోంది, ఆపరేషన్ కావాలి అన్నారంటే మాత్రం వాదించకండి, ఈ ప్లానంతా పక్కన పెట్టేయండి.

ముక్కేటప్పుడు

కిందికి తన్నుకొచ్చినట్టు అనిపించేదాకా ముక్కకండి. దొడ్డికి వెళ్లాలనిపిస్తే నర్సుకి చెప్పండి, బాత్రూంకి ఒంటరిగా వెళ్లకండి, రెండో కాన్పులో అది బిడ్డ తలే కావచ్చు. ఎడమవైపు తిరిగి పడుకునో, సగం కూర్చునో, గొంతుక్కూర్చునో ముక్కొచ్చు. వెల్లకిలా పడుకోబెట్టి కాళ్లు కట్టేయాల్సిన పని లేదు. పైనుంచి కడుపు మీద ఎవరైనా ఒత్తబోతే వద్దని చెప్పండి, అది మంచి పద్ధతి కాదు. మొదటిసారి బిడ్డ బయటికి రావడానికి కింద కోశారు కాబట్టి ఈసారీ కోయాలని లేదు. గోరువెచ్చని గుడ్డ అడుగున పట్టమని అడగండి, చిరగడం తగ్గుతుంది.

తల అంచుకి రాగానే మంట పుడుతుంది, చుట్టూ నిప్పు పెట్టినట్టు. అక్కడ ఆగండి. రెండో బిడ్డ దూసుకొస్తుంది కాబట్టి ఇక్కడే చిరుగుతుంది. నోరు తెరిచి "హ, హ, హ" అని చిన్న చిన్న ఊపిర్లు తీస్తే తల తనంతట తను నెమ్మదిగా జారుతుంది.

దారిలోనే పుట్టేస్తే

వాహనం పక్కకి ఆపండి. ఫోన్‌లో 108 వాళ్లు ఉండగానే తల్లిని ఎడమవైపు పడుకోబెట్టండి. తలని లాగకండి, చేత్తో ఆనించి పట్టుకోండి చాలు. మెడకి బొడ్డుతాడు చుట్టుకుని వదులుగా ఉంటే తల మీదుగా తప్పించండి. బిడ్డని పొడిగుడ్డతో గట్టిగా తుడవండి, ఆ తుడవడానికే చాలామంది ఏడుస్తారు. తడిగుడ్డ తీసేసి తల్లి రొమ్ముల మధ్య చర్మానికి చర్మం ఆనేలా పడుకోబెట్టి, ఇద్దరినీ కలిపి కప్పండి, బిడ్డ తలకి కూడా. బ్లేడుతో తాడు కోయకండి. మాయని లాగకండి. పాలు పట్టించండి, ఆసుపత్రికి కదలండి. అందుకే రెండు శుభ్రమైన పాత నూలు చీరలు ఉతికి ఆరబెట్టి సంచిలో అన్నిటికంటే పైన పెట్టుకోవాలి.

పుట్టాక

బొడ్డుతాడు నిమిషం నుంచి మూడు నిమిషాలు ఆగి కోయమనండి, బిడ్డకి రక్తం కలిసొస్తుంది. గంటలోపు ముర్రుపాలు. తేనె, పంచదార నీళ్లు వద్దు.

తర్వాతి నొప్పుల గురించి ఎవరూ ముందు చెప్పరు. రెండో కాన్పు తర్వాత పాలిచ్చేటప్పుడల్లా పొత్తికడుపు పిండేసినట్టు నొప్పి వస్తుంది, మొదటిసారి కంటే చాలా ఎక్కువ. గర్భసంచి ముడుచుకుంటోందని గుర్తు. పాలిచ్చే ముందు మూత్రానికి వెళ్లిరండి, డాక్టర్ని అడిగి పారాసెటమాల్ వేసుకోండి. మందు లేకుండా కన్నాను కదా అని ఇది కూడా భరించాల్సిన అవసరం లేదు. గంటకో ప్యాడ్ తడిసిపోతుంటే, గడ్డలు పడుతుంటే, కళ్లు తిరుగుతుంటే వెంటనే నర్సుని పిలవాలి. 48 గంటలు ఆసుపత్రిలో ఉండండి. పెద్దది ఏడుస్తోంది, పంపేయండి అని మరుసటి పొద్దున్నే వచ్చేయకండి.

పథ్యం పేరుతో నీళ్లు తగ్గించడం, కారప్పొడి మెతుకులే పెట్టడం మన ఇళ్లల్లో ఉంది. కాయం ముద్ద తినండి, ఎవరూ కాదనరు, దానితో పాటు పప్పు, కూర, గుడ్డు, పాలు, కడుపునిండా నీళ్లు కూడా కావాలి.

రెండో కాన్పు అనగానే పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ గురించి అడుగుతారు, అదీ మీరు అలిసిపోయి ఉన్నప్పుడు. కాన్పయిన ఏడు రోజుల్లోపు చేస్తారు. చేయించుకోవాలో వద్దో, కాపర్-టీ చాలో, లేక మీ ఆయనకి చేయించాలో, మగవాళ్లది ఇంకా తేలికైన ఆపరేషన్, ఏడో నెలలోనే ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోండి. మీ సంతకం లేకుండా ఏదీ పెట్టకూడదు.

ఇంటికొచ్చే ముందు జనన ధ్రువపత్రం సంగతి అడగండి. బిడ్డ ఎక్కడ పుడితే ఆ రాష్ట్రంలోనే, 21 రోజుల్లోపు నమోదు చేయాలి. ఇంటి పేరు, తల్లి పేరు ఒడియాలో, ఇంగ్లీషులో ఎలా రాశారో అక్కడే నిలబడి, ఆధార్ పక్కన పెట్టుకుని అక్షరం అక్షరం చదివించుకోండి. తర్వాత దిద్దించుకోవాలంటే సరిహద్దు దాటి తిరగాలి.